పీకిన చోటే పాతిన పన్ను

పళ్ళ డాక్టరు ముందు కూర్చున్న మనిషి నోరు తెరుచుకునే ఉంటాడు కానీ మాట్లాడలేడు. ఎదురు చెప్పలేని మనుషుల మధ్య ఒక జీవితకాలం గడపడం ఎవరి స్వభావానికీ అంత మంచిది కాదు. ఇక్కడ నా అభిప్రాయాలు అవసరానికి మించి గట్టిగా వినిపిస్తే, అది వృత్తి వల్ల వచ్చిన జబ్బనుకుని క్షమించండి.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కలిసినప్పుడల్లా ఇంప్లాంట్ల గురించే మాట్లాడతారు. పన్ను తీసిన వెంటనే అదే గుంటలో లోహపు మర బిగించి, దాని మీద కొత్త పన్ను కట్టడం గురించి. "మీ కాలంలో ఇవి లేవు కద సార్" అంటారు, జాలిగా. ఉన్నాయి. మీలో చాలామంది పుట్టకముందే వరంగల్లులో మేం ఒకటి పెట్టాం. దాని సంగతి మీ పుస్తకాల్లో ఉండదు. కారణం చివరికి మీకే తెలుస్తుంది.

పీకడమే పని

డెబ్బైల్లో నేను హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చేసరికి, మా ఊళ్ళో దంతవైద్యం అంటే పీకడం. మిగతాదంతా మా పాఠ్యపుస్తకాల్లో ఉండేది. జనం మా దగ్గరికి ఆఖరున వచ్చేవాళ్ళు. లవంగం అయిపోయాక, పొగాకు కాడ అయిపోయాక, సర్కారు దవాఖానలో గోలీలు అయిపోయాక వచ్చేవాళ్ళు. వచ్చాక కూడా పై పన్ను పీకితే కన్ను పోతుందన్న భయం ఒకటి ఉండేది. ఆ భయం పోగొట్టడానికి నా కళ్ళద్దాలు తీసి, "చూడు, నాకు ఏ పన్నూ పీకకుండానే కండ్లు పోయినయి" అని చెప్పేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

నెక్కొండ నుంచి పొద్దున ప్యాసింజర్లో ఒక రైతు వచ్చాడు. దవడ పట్టుకుని, కూర్చోలేక నిలబడలేక ఉన్నాడు. మత్తుసూది వేసి, అది ఎక్కేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నాను. కాసేపటికి పిలిస్తే లేడు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, ఈసారి బుగ్గ కొబ్బరికాయంత వాచి.

"ఎటు పోయినవే పెద్దాయనా ఆ రోజు?"

"నొప్పి పోయింది గద సారూ. బండి టైమైతాంటే పోయిన. మొన్నటి సూదే ఎయ్యుండ్రి, అది మంచిగ పనిచేసింది."

తొందర ఎప్పుడూ రోగిదే అని ఆ రోజుల్లో నా నమ్మకం. రైలు వాళ్ళది, పెళ్ళి వాళ్ళది, నాట్లు వాళ్ళవి. తొందర మనకూ ఉంటుందని, కాకపోతే మన తొందరకు శాస్త్రం పేరు పెట్టుకుంటామని తర్వాత తెలిసింది.

నరహరి గారు

సుబేదారిలో నరహరి గారి క్లినిక్కులో నేను అసిస్టెంటుగా చేరాను. ఆయనంత మెత్తటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. పన్ను బయటికి వచ్చాక కూడా రోగి "ఇంక ఎప్పుడు పీకుతరు సారూ" అని అడగడం నేను విన్నాను. కోపం లేదు, ఆశ లేదు, పేదవాడికీ కలెక్టరుకీ ఒకటే కుర్చీ. ఇన్ని మంచి గుణాలున్న మనిషికి ఒక్క లోపమైనా ఉండాలి కాబట్టి, ఆయనకు విదేశీ పత్రికలు వచ్చేవి.

పీకడం ఆయనకు విసుగు పుట్టింది. "ఎన్నేండ్లు పీకుతమయ్యా? దేవుడు పెట్టినవి తీసుడేనా, మనం ఒక్కటన్న పెట్టేది లేదా?" అనేవారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఒకసారి బొంబాయి వెళ్ళి, ఎవరో పరదేశపు డాక్టరు నేర్పిన కోర్సు చేసి వచ్చారు. వస్తూ వస్తూ చిన్న రేకు డబ్బాలో మూడు మరలు తెచ్చారు. చూడ్డానికి గడియారం రిపేరు షాపులో రాలిపడ్డవాటిలా ఉండేవి. డబ్బా మూత తీసి నాకు చూపించేటప్పుడు ఆయన గొంతు తగ్గించారు.

సిద్ధాంతం ఇది. పన్ను పీకాక ఆ చోట ఎముక నెలనెలా కరుగుతూ పోతుంది. కరగకముందే, గుంట పచ్చిగా ఉన్నప్పుడే మర దించితే, ఎముక దాన్ని వేరనుకుని పట్టుకుంటుంది. అదే రోజు పైన పన్ను కట్టేయొచ్చు. చదివితే ఎంత సబబుగా ఉందో చూడండి. ఇందులో సగం ఇవాళ్టికీ నిజమే. నిజం కాని సగం ఏదో అప్పటికి ప్రపంచంలో తెలిసినవాళ్ళు బహుశా ఏదో చలిదేశంలో ఉన్నారు. వాళ్ళు వరంగల్లు రాలేదు.

ఇక కావలసింది ఒక నోరు.

గుర్రం దెబ్బ

ఖాసిం కాశిబుగ్గలో ఉండేవాడు. చుట్టూ మగ్గాల ఇళ్ళు, మధ్యలో వాళ్ళ ఇల్లు. పెళ్ళిబ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. అందరూ మాస్టర్ అనేవాళ్ళు. పెళ్ళి ఊరేగింపులో, అదే బరాత్‌లో, మొదటి వరస ఆయనది. ఆయన పాట ఎత్తుకుంటే మిగతా వాయిద్యాలన్నీ వెనక కలిసేవి. పెళ్ళివాళ్ళు బ్యాండు పేరు అడిగేవాళ్ళు కాదు, "ఖాసిం వస్తడా?" అని అడిగేవాళ్ళు.

అట్లాంటి ఒక బరాత్‌లో ఎవరో గుర్రం కాళ్ళ దగ్గర పటాకులు కాల్చారు. పెళ్ళికొడుకు కింద ఉన్న గుర్రం తల విసిరింది. ఆ తల వచ్చి క్లారినెట్‌కు తగిలింది. క్లారినెట్ వెళ్ళి ఖాసిం పై ముందుపంటికి తగిలింది. పెళ్ళికొడుక్కి ఏమీ కాలేదు. గుర్రానికీ ఏమీ కాలేదు.

ఎక్స్‌రే తీస్తే వేరు నిలువునా చీలి ఉంది. ఉంచడానికి లేదు. నరహరి గారు ఆ మాట చెప్పగానే ఖాసిం సంచిలోంచి క్లారినెట్ తీసి, కుర్చీలో కూర్చునే మాకు చూపించాడు.

"సూడుండ్రి సారూ. కింది పెదవి గిట్ల మడవాలె. పై పండ్లు దీని మీద ఆనాలె. ఈ పన్ను లేకపోతె ఇది ఆగది, గాలి పక్కకు పోతది. మీరు పీకేది పన్ను కాదు, నా పాట."

"తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ప్లేటు చేస్తం" అన్నాను నేను.

"మా ట్రంపెట్ చాచాకు ఉన్నది ప్లేటు. ఊదేటప్పుడు తీసి జేబుల ఏస్కుంటడు. తినేటప్పుడు గూడ తీస్తడు. ఫోటోకు మాత్రం పెట్టుకుంటడు."

"పక్క పండ్లను అరగదీసి వాటి ఆధారంతోని బ్రిడ్జి కట్టొచ్చు" అన్నారు నరహరి గారు. ఆ మాట అనే తీరులోనే ఆయనకు అది ఇష్టం లేదని తెలిసింది. "గని రెండు మంచి పండ్లను ఖరాబు చెయ్యాలె. నాకు మనసొప్పది."

"మంచి పండ్లను ఎందుకు సారూ" అన్నాడు ఖాసిం. "మాఘం లగ్గాలు వస్తానయి. మళ్ళ ఊదాలె నేను. ఏదన్న చెయ్యుండ్రి."

నరహరి గారు నా వైపు చూశారు. నేను అల్మారా వైపు చూశాను. రేకు డబ్బా అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నం

చీలిన వేరును నరహరి గారు గుంట గోడలు చెదరకుండా ముక్కముక్కగా తీశారు. అంత ఓపికగా వేరు తీయడం మీరు నేర్చుకుంటే చాలు, మిగతాది యంత్రాలు చేసిపెడతాయి. తర్వాత మరను చేత్తోనే, కొంచెం కొంచెంగా తిప్పుతూ దించారు. మధ్యలో కరెంటు పోయింది. నేను టార్చి పట్టుకున్నాను. మర బిగిసిన చప్పుడు ఒకటి, తలుపు గడియ పడినట్టు, వినిపించింది. ఆయన వేళ్ళు ఆగాయి. మాస్కు వెనక నవ్వారని కళ్ళు చూస్తే తెలిసింది.

సాయంత్రానికి పైన పన్ను కూర్చోబెట్టాం. అద్దం ఇస్తే ఖాసిం చాలాసేపు చూసుకున్నాడు. వేలితో తట్టి, "ఇది నాదేనా సారూ?" అన్నాడు.

"ఇగ నీదే. కొన్ని రోజులు జర నిమ్మళంగ ఉండు. గట్టివి కొరకకు. తర్వాత ఊదుకో. పని పడుతాంటేనే ఎముక గట్టిపడతది."

మీరు ఉలిక్కిపడ్డారని తెలుసు. అప్పటి పాఠం అదే. పని పెడితే ఎముక బలపడుతుంది. దానికి తోడు ఇంకో పాఠం ఉండేది, ఈ కథంతా దాని మీదే తిరిగింది. మన సొంత పంటికీ ఎముకకూ మధ్య సన్నటి నారపొర ఉంటుంది, అందుకే పన్ను కాస్త ఒత్తిడికి ఊగి సర్దుకుంటుంది. ఇంప్లాంట్ చుట్టూ కూడా అట్లాంటి నారపొర ఏర్పడాలి, అది ఏర్పడితే మర కొంచెం కదులుతుంది, ఆ కదలికే అది శరీరంలో కలిసిపోయిందనడానికి గుర్తు. ఇదీ మాకు చెప్పింది. పత్రికల్లో బొమ్మలతో సహా ఉండేది.

పది పదిహేను రోజుల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఖాసిం భయపడుతూ అడిగాడు.

"సారూ, జరంత కదులుతాంది."

నరహరి గారు వేలు పెట్టి చూశారు. సంతోషంగా తల ఊపారు. "కదలాలె ఖాసిం. కదిలితేనే అది బతికున్నట్టు."

ఖాసిం ఆ మాటను తాయెత్తులా మెడలో కట్టుకుని వెళ్ళాడు.

ఫోటో

ఆ మాఘమంతా ఆయన వాయించాడు. నేను ఒక పెళ్ళిలో విన్నాను. బాగా వాయించాడా అంటే సంగీతం గురించి చెప్పే అర్హత నాకు లేదు. నేను విన్నంతసేపూ పంటినే చూశాను.

నరహరి గారు క్లినిక్కు ముందే ఆయనను నిలబెట్టి, క్లారినెట్ ఊదుతుండగా ఫోటో తీయించారు. ఆ ఫోటోను స్లైడు చేసి డాక్టర్ల సమావేశంలో చూపించారు. నేను ప్రొజెక్టరు దగ్గర ఉన్నాను. తెర మీద ఖాసిం బుగ్గలు నిండుగా, కళ్ళు మూసుకుని, క్లారినెట్ మీద ఆ పన్ను తెల్లగా. హాలంతా చప్పట్లు కొట్టింది. జిల్లా ఊళ్ళో ఇంత పనా అని పెద్దవాళ్ళు ఆయన భుజం తట్టారు. తిరుగు బస్సులో ఆయన వరంగల్లు వచ్చేదాకా నిద్రపోలేదు. నన్నూ పోనివ్వలేదు.

రోజుకింత ఎక్కువ

ఖాసిం మధ్యలో చూపించుకోవడానికి రాలేదు. మేం కబురు పెడితే, మంచిగ ఉన్నదని తిరుగు కబురు వచ్చింది. బాగున్నవాళ్ళు డాక్టరు దగ్గరికి రారు కాబట్టి, రానివాళ్ళంతా బాగున్నట్టు లెక్క వేసుకోవడం మా వృత్తిలో పాత అలవాటు.

రెండో మాఘం కూడా అయిపోయాక వచ్చాడు. భార్య చాంద్‌బీ వెంట ఉంది. పై పెదవి ఉబ్బి ఉంది. నోరు తెరవకముందే వాసన చెప్పింది. నేను అద్దం లోపల పెట్టి, వేలితో ఆ పన్నును ముట్టుకున్నాను. ముట్టుకుంటే మర నా వేళ్ళ మధ్యకు వచ్చేసింది. ఏ పనిముట్టూ అక్కర్లేకపోయింది. దానితో పాటు ముందువైపు ఎముక గోడ ముక్క ఒకటి వచ్చింది. అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళు, నరహరి గారు అరగదీయడానికి మనసొప్పని ఆ రెండు పళ్ళు, ఆధారం లేక ఊగుతున్నాయి.

"ఇన్ని రోజులు ఎందుకు రాలేదమ్మా?" అన్నాను. ఖాసిం నోట్లో దూది ఉంది కాబట్టి చాంద్‌బీనే అడిగాను.

"ఎందుకొస్తమన్నా? కదిలితే మంచిదని పెద్ద డాక్టర్ సాబే చెప్పిండు గద. మొదలు జరంత కదిలె. మేము మంచిగున్నదనుకున్నం. రోజుకింత ఎక్కువ కదులుతాంటే, రోజుకింత మంచిగైతాందనుకున్నం. వాపొచ్చినంక ఈయనకు నేనే చెప్పిన, పోదాం పా అని. లగ్గాలు కానియ్యి అన్నడు."

నరహరి గారు ఎక్స్‌రే తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు. మర ఉన్న చోట చుట్టూ నల్లటి నీడ ఉంది. మేం ఇష్టపడి ఎదురుచూసిన నారపొర అదే. పొర పెరిగింది, ఎముక పోయింది.

"కొన్ని రోజులు ఊదొద్దని చెప్పిన గద ఖాసిం" అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.

ఖాసిం దూది తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఊదలేదు సారూ. పదిహేను రోజులు ముట్టుకోలేదు. తర్వాత మీరే గద ఫోటోల ఊదమన్నరు."

దెప్పుతూ అన్న మాట కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నరహరి గారు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. అది మామూలుగా చేతులు కడుక్కోవడానికి పట్టే సమయం కాదు.

ఆ పక్క పళ్ళు రెండూ ఆ ఏడాదే పోయాయి. మూడు పళ్ళ ప్లేటు చేసిచ్చాను, నాకు చేతనైనంత శ్రద్ధగా. క్లారినెట్ నోట్లో పెట్టగానే అది లేచి వచ్చేది. పట్టు కోసం మళ్ళీ చేశాను. మళ్ళీ లేచి వచ్చింది. ప్లేటు కూర్చోవడానికి అక్కడ ఎముక గట్టు ఉండాలి, గట్టు మా మర పట్టుకుపోయింది. మూడోసారి ఆయనే అన్నాడు, "వద్దు డాక్టర్ సాబ్. తినడానికి పనికొస్తాంది. చాలు."

బ్యాండులో ఆయన పెద్ద డ్రమ్ము దగ్గరికి మారాడు. డ్రమ్ము వెనక వరస.

చెప్పినవీ చెప్పనివీ

నరహరి గారు మిగిలిన రెండు మరలను ఎవరికీ పెట్టలేదు. అంతవరకు ఆయనను మెచ్చుకోవాలి. కానీ చప్పట్లు కొట్టిన ఆ హాలుకు మళ్ళీ వెళ్ళి, ఆ పన్ను ఊడిందని, ఎట్లా ఊడిందో ఇదిగో అని ఆయన చెప్పలేదు. తర్వాతి సమావేశాల్లో ఎవరైనా "మీ క్లారినెట్ కేసు ఎట్లున్నది డాక్టర్ గారూ?" అని అడిగితే, "ఫాలో అప్ కష్టమయ్యా మన దగ్గర" అనేవారు. మంచి మనిషి ఆ మాట అనడం వినడానికి బాగుండేది కాదు.

మా వృత్తి గురించి నా ఫిర్యాదు ఒకటే. గెలిచినవి మైకు ముందు చెప్తాం, ఓడినవి చాయ్ దగ్గర చెప్తాం. చాయ్ దగ్గర చెప్పినవి ఎవరూ అచ్చు వేయరు. ఆ స్లైడు చూసి, వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు వెళ్ళి మరలు బిగించినవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే, వాళ్ళ రోగులకు కూడా కదిలితే మంచిదని చెప్పే ఉంటారు.

హైదరాబాదు పాఠం

ఎనభైల్లో, నేను సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాక, హైదరాబాదులో ఒక ఉపన్యాసానికి వెళ్ళాను. పరదేశంలో నేర్చుకుని వచ్చిన ఒకాయన చెప్పాడు. ఇంప్లాంటుకూ ఎముకకూ మధ్య ఏ పొరా ఉండకూడదు. ఎముక నేరుగా లోహాన్ని పట్టుకోవాలి. అందుకు నెలల తరబడి దాన్ని కదపకుండా, పని పెట్టకుండా వదిలేయాలి. కదిలిందంటే పోయినట్టే. అని ఒక ఎక్స్‌రే వేసి, మర చుట్టూ ఉన్న నల్లటి నీడను కర్రతో చూపించాడు. "ఇది వైఫల్యం" అన్నాడు. నేను ఆ నీడను గుర్తుపట్టాను.

ప్రశ్నల సమయంలో లేచి అడిగాను, ఎముక ఇప్పటికే పోయిన మనిషికి ఏం చేయొచ్చని. ఆయన మర్యాదస్తుడు. ప్రస్తుతానికి పెద్దగా ఏమీ లేదన్నాడు. వెంటనే ఇంకొకరి ప్రశ్న తీసుకున్నాడు.

తిరిగి వచ్చాక కాశిబుగ్గ వెళ్ళాను. పక్క ఇళ్ళలో మగ్గాలు ఆడుతున్నాయి. ఖాసిం వాకిట్లో మంచం మీద కూర్చుని ఎదుట ఉన్న కుర్రవాడికి పాట చెబుతున్నాడు. బ్యాండులో కొత్త క్లారినెట్ అతనిది. ఖాసిం పాటను నోటితో అంటున్నాడు. పళ్ళు లేని చోట గాలి జారి, సగం స్వరాలు ఊపిరిగానే బయటికి వస్తున్నాయి. కుర్రవాడు అర్థమైనంత పట్టుకుంటున్నాడు. నన్ను చూసి ఖాసిం అతన్ని పంపేశాడు.

"హైదరాబాద్ పోయినరట గద డాక్టర్ సాబ్. ఏమన్న కొత్తది చెప్పిండ్లా?"

చెప్పాను. కదలకూడదని చెప్పాను. ఊదకూడదని, నెలల తరబడి ముట్టుకోకూడదని చెప్పాను. మేం చెప్పింది తప్పని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎన్ని నెల్లు?"

"పై పన్నుకయితే ఆర్నెల్లన్న ఆగాలె ఖాసిం భాయ్."

"ఆర్నెల్లు బోసినోరుతోనా? మాఘం పోను, వైశాఖం పోను?" నవ్వాడు. నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆయనకు అప్పటికి అలవాటైంది. "అట్ల చెప్పి ఉంటే నేను మీ కుర్సీల కూసుందునా? లేచి ఇంకో డాక్టర్ దగ్గరికి పోయెటోణ్ణి. తొందర నాది గూడ ఉండె. ఫికర్ చెయ్యకుండ్రి."

నన్ను ఊరడించడానికే అన్నాడు. చాంద్‌బీ తెచ్చిన చాయ్ తాగి, ఇంకాసేపు కూర్చుని వచ్చేశాను.

ఆ రోజుల్లో ఊళ్ళో మేం కాక ఉన్న ఆ ఇంకో డాక్టరు చౌరస్తా దగ్గర మేడ మీద ఉండేవాడు. బొంబాయి ఎరగడు, పత్రికలు తెప్పించుకోడు. ఆయన పద్ధతుల మీద మేం చాలా జోకులు వేసుకునేవాళ్ళం, వాటిలో మంచివి నావే. ఖాసిం ఆయన దగ్గరికి వెళ్ళి ఉంటే, ఆయనకు ఇంకేమీ తెలియదు కాబట్టి, పక్క పళ్ళు రెండూ అరగదీసి మామూలు బ్రిడ్జి ఒకటి కట్టి పంపేసేవాడు. ఖాసిం మొదటి వరసలోనే నడుస్తూ ఉండేవాడు.